ఏజెన్సీ ఘాట్లలో బైక్ టూర్: అస్ర్ వేళకు బండి ఆగేలా ప్లాన్ ఎలా?

చలికాలం వచ్చిందంటే చాలు, లంబసింగి, అరకు, మారేడుమిల్లి వైపు బైకులు బారులు తీరతాయి. హైదరాబాద్, విజయవాడ, గుంటూరు నుంచి నలుగురైదుగురు కుర్రాళ్లు కలిసి మూడు నాలుగు రోజుల సెలవు చూసుకుని బయల్దేరుతుంటారు. ఇంట్లో అమ్మీ 'వద్దు బేటా' అంటుంది. అబ్బా ఏమీ అనకుండా ఊరుకుంటారు. కొందరైతే దోస్తు పెళ్లి ఉందని చెప్పి మరీ వెళ్లిపోతారు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. సిగ్నల్ లేని అడవిలో బండి ఆగిపోతే, పిల్లాడు ఏ దారిలో ఉన్నాడో ఇంట్లో ఒక్కరికీ తెలియదు.

వెళ్లొద్దు అనడం కంటే, ఎలా వెళ్తున్నావని కూర్చోబెట్టి అడగడం ఎక్కువ పనిచేస్తుంది. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగితే ప్లాన్ ఉన్నట్టు. చెప్పలేకపోతే ఇంకా లేనట్టే.

దారి ఏది?

తూర్పు కనుమలను బైక్ మీద చూడాలంటే మంచి దారి జాతీయ రహదారి 516ఈ. రాజమహేంద్రవరంలో మొదలై రంపచోడవరం, అడ్డతీగల, రాజవొమ్మంగి, కొయ్యూరు, లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వైపు దిగుతుంది. మొత్తం 400 కిలోమీటర్లు దాటుతుంది. దారిలో అడవులు, కాఫీ తోటలు, మిరియాల తీగలు, వాగులు, గిరిజన సంతలు.

ఇది అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు నడిచిన నేల కూడా. 1922 ఆగస్టు 22న ఆయన దళం చింతపల్లి పోలీస్ స్టేషన్‌పై దాడి చేసింది. తర్వాతి రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల వంతు వచ్చింది. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. పిల్లలు చదువుకున్న చరిత్ర ఈ దారిలో కళ్లముందే కనిపిస్తుంది.

మారేడుమిల్లి చూడాలనుకుంటే రంపచోడవరం నుంచి చింతూరు వైపు పక్కకు వెళ్లి, మళ్లీ వెనక్కి రావాలి. రాజమహేంద్రవరం నుంచి మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు.

లెక్క కిలోమీటర్లలో కాదు, వెలుతురులో

ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. హైవే మీద గంటకు 60 కిలోమీటర్లు వెళ్తాం కదా, 240 అంటే నాలుగు గంటలే అనుకుంటారు. ఘాట్ రోడ్డులో మలుపులు, పొగమంచు, పశువులు, పని జరుగుతున్న చోట కంకర కలిపితే గంటకు 25, 30 దాటడం కష్టం. టీకి, ఫొటోకి, నమాజుకి ఆగడం వేరే. అంటే పగలంతా కలిపి 120 కిలోమీటర్లు చాలు. 150 అంటే చాలా ఎక్కువ.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. విశాఖ వైపు సూర్యాస్తమయం హైదరాబాద్ కంటే సుమారు 20 నిమిషాలు ముందే అవుతుంది. డిసెంబర్‌లో సాయంత్రం ఐదున్నర లోపే మగ్రిబ్. కొండల నడుమ అంతకంటే ముందే చీకటి కమ్ముకుంటుంది. హైదరాబాద్ నమాజు టైంటేబుల్ జేబులో పెట్టుకుని వెళ్తే నమాజుకూ ఇబ్బంది, ప్రయాణానికీ ఇబ్బంది. ఫోన్ యాప్‌లో అక్కడి ఊరు పెట్టుకుని వేళలు ముందే కాగితం మీద రాసుకోవాలి.

అందుకే ఒక్క నియమం చాలు: అస్ర్ వేళకు, అంటే సాయంత్రం నాలుగు ప్రాంతంలో, బండి గది ముందు ఆగాలి. ఎక్కడైనా పంక్చరైనా, దారి తప్పినా, ఇంకా గంటకు పైగా వెలుతురు చేతిలో ఉంటుంది. రాత్రి ఒంటరిగా ప్రయాణంలో ఉన్న కీడు జనానికి తెలిస్తే ఏ రౌతూ అలా వెళ్లడని దైవప్రవక్త (స) హెచ్చరించిన హదీసు ఇబ్నె ఉమర్ (రజి) ద్వారా సహీహ్ బుఖారీలో ఉంది. ముగ్గురు ప్రయాణమైతే ఒకరిని అమీర్‌గా పెట్టుకోమని కూడా ఆయన (స) చెప్పారు. బైక్ గ్రూపుకి ఇది సరిగ్గా సరిపోతుంది. 'ఇక ఆగుదాం' అనే మాట ఒకరి చేతిలో ఉండాలి, మిగతావాళ్లు వినాలి.

ఐదు రోజుల ప్లాన్ ఇలా

హైదరాబాద్ నుంచి రాజమహేంద్రవరం దాకా 400 కిలోమీటర్లకు పైగా హైవే మీద నడిపితే, ఘాట్ మొదలయ్యేసరికే ఒళ్లు అలసిపోతుంది. బైకును రైలు పార్శిల్లో ముందే పంపి, మనుషులు రాత్రి రైల్లో వెళ్లడం మేలు. ఆర్సీ, గుర్తింపు కార్డు కాపీలు ఇవ్వాలి, ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, ప్యాకింగ్ చేయించాలి. బండి ఒకట్రెండు రోజులు ఆలస్యం కావచ్చు కాబట్టి ముందుగానే బుక్ చేయాలి.

మొదటి రోజు రాజమహేంద్రవరం నుంచి మారేడుమిల్లి. రెండో రోజు వెనక్కి రంపచోడవరం వచ్చి, రాజవొమ్మంగి, కొయ్యూరు మీదుగా లంబసింగి. అన్నిటిలో పెద్ద రోజు ఇదే, ఫజర్ చదివి వెలుతురు రాగానే కదలాలి. కుదరదనిపిస్తే మారేడుమిల్లి వదిలేసి రంపచోడవరంలోనే ఆగితే ఈ రోజు తేలికవుతుంది. మూడో రోజు లంబసింగి ఉదయం చూసుకుని పాడేరు. నాలుగో రోజు వంజంగి మేఘాలు, తర్వాత అరకు. ఐదో రోజు అనంతగిరి ఘాట్, బొర్రా గుహలు చూస్తూ విశాఖపట్నం. అరకు నుంచి విశాఖ 115 కిలోమీటర్ల దాకా ఉంటుంది.

వంజంగి కోసం తెల్లవారుజామున చీకట్లో కొండెక్కే బైకులే ఎక్కువ. పాడేరులో ఫజర్ చదువుకుని, అక్కడి జీపులో వెళ్తే సరిపోతుంది. సూర్యుడు వచ్చాక కూడా మేఘాలు కాసేపు ఉంటాయి.

నవంబర్ నుంచి జనవరి మంచి కాలం. వానాకాలంలో పచ్చదనం బాగుంటుంది గానీ వాగులు పొంగుతాయి, కొండచరియలు విరిగిపడతాయి. మొదటిసారి వెళ్లేవాళ్లు అప్పుడు వద్దు.

బండి, పెట్రోలు, ఘాట్ దిగడం

బుల్లెట్టే కావాలని లేదు. బాగా సర్వీసైన 125 సీసీ బండి ఈ దారికి చాలు. బయల్దేరే వారం ముందు బ్రేక్ షూలు, టైర్ల గాడులు, చైన్, హెడ్‌లైట్, హారన్ చూపించాలి. అప్పుడే చేయిస్తే, ఏదైనా తేడా ఉంటే ఊళ్లోనే బయటపడుతుంది. క్లచ్ వైరు, యాక్సిలరేటర్ వైరు, ప్లగ్గు, పంక్చర్ కిట్, చిన్న పంపు వెంట ఉండాలి.

పెట్రోలు బంకులు ఊరూరా ఉండవు. సగం ట్యాంకు తగ్గగానే కనిపించిన బంకులో నింపాల్సిందే. రంపచోడవరం, పాడేరు, అరకు లాంటి పెద్ద ఊళ్లలో నింపకుండా ముందుకు కదలొద్దు. నగదు ఉంచుకోవాలి, సిగ్నల్ లేనిచోట ఫోన్ పేమెంట్లు పనిచేయవు.

ఘాట్ దిగేటప్పుడు ఇంజన్ ఆపి న్యూట్రల్‌లో జారుకుంటూ రావడం చాలామందికి అలవాటు. పెట్రోలు మిగులుతుందని అనుకుంటారు. అప్పుడు బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి వేడెక్కి, సరిగ్గా మలుపు దగ్గర పట్టు వదిలేస్తాయి. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి, ఇంజన్ బండిని పట్టి ఉంచుతుంది. ఇరుకు చోట ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి. మంచులో హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించదు, లోబీమ్ వేయాలి.

హెల్మెట్, ఇన్సూరెన్స్, ఎవరి బండి?

హెల్మెట్ నడిపేవారికే కాదు, వెనక కూర్చున్నవారికీ తప్పనిసరి. ఐఎస్ఐ గుర్తు ఉండాలి. ఇన్సూరెన్స్ విషయంలో చాలా కుటుంబాలకు తెలియనిది ఒకటుంది. 15 లక్షల రూపాయల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ బండి యజమాని నడిపినప్పుడే వర్తిస్తుంది. మామూ బండో, దోస్తు బండో తీసుకెళ్తే నడిపే కుర్రాడికి అది రాదు. సొంతంగా ఒక యాక్సిడెంట్ పాలసీ తీసుకోవడం మంచిది.

అద్దె బైకు తీసుకుంటే నంబర్ ప్లేటు చూడాలి. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటేనే అద్దెకిచ్చే అనుమతి ఉన్నట్టు. తెల్ల ప్లేటు బండిని అద్దెకు తీసుకుంటే, ప్రమాదం జరిగాక ఇన్సూరెన్స్ కంపెనీ కాదనే అవకాశం ఉంది.

భార్యతో వెళ్లేవారికి ఇంకో జాగ్రత్త. బుర్ఖా అంచు, దుపట్టా కొస వెనక చక్రంలోనో చైన్‌లోనో చుట్టుకుని జరిగే ప్రమాదాలు ఘోరంగా ఉంటాయి. కాళ్లు చెరోవైపు వేసి కూర్చోవాలి, అబాయా అంచు పైకి మడిచి క్లిప్ పెట్టాలి, చైన్ కవర్, శారీ గార్డ్ ఉండాలి. హెల్మెట్ కింద పిన్నులు లేని పల్చటి స్కార్ఫ్ కట్టుకోవాలి. చిన్నపిల్లలుంటే బైకు మాటే వద్దు. విశాఖ నుంచి అరకు రైలు ఉంది, కొండల గుండా వెళ్లే ఆ దారి వాళ్లకు బైకు కంటే ఎక్కువ నచ్చుతుంది.

నమాజు, తిండి

హనఫీ మస్లక్ ప్రకారం సుమారు 78 కిలోమీటర్లు, అంతకు మించిన ప్రయాణానికి బయల్దేరి, ఒకే ఊళ్లో 15 రోజులకంటే తక్కువ ఉండే ఉద్దేశంతో ఉంటే ముసాఫిర్ అవుతారు. జుహర్, అస్ర్, ఇషా ఫర్జులు నాలుగుకు బదులు రెండు రకాతులు. ఫజర్, మగ్రిబ్ మారవు. స్థానిక ఇమాం వెనక చదివితే మాత్రం పూర్తిగా నాలుగు చదవాలి. ముసాఫిర్‌కి జుమా ఫర్జు కాదు, దొరక్కపోతే జుహర్ చదువుకోవచ్చు. రెండు నమాజులు కలిపి చదివే విషయంలో మస్లక్‌ల మధ్య తేడా ఉంది, బయల్దేరే ముందే మీ ఇమాం సాహెబ్‌ను అడగండి. ఖిబ్లా ఇక్కడ పడమర, కొద్దిగా ఉత్తరం వైపు.

లంబసింగి చలిలో వుజూకి కాళ్లు కడగాలంటే వణుకు పుడుతుంది. తోలు మేజోళ్లు, అంటే ఖుఫ్ఫైన్, వుజూతో వేసుకుంటే ముసాఫిర్ మూడు పగళ్లు, మూడు రాత్రులు వాటిపై మసహ్ చేయవచ్చు. మామూలు పల్చటి సాక్సుకి ఇది వర్తించదు.

బొంగు చికెన్ వాసన అందరినీ ఆపేస్తుంది. కానీ కోసింది ఎవరో తెలియదు. బతికున్న కోడిని కొని, జబహ్ మేమే చేసుకుంటామని మర్యాదగా అడగాలి. కుదిరితే సరే, లేకపోతే కోడిగుడ్డు, చేప, పప్పన్నం ఉన్నాయి. ఖర్జూరాలు, వేయించిన శనగలు, రొట్టెలు వెంట ఉంటే ఆకలి తొందర పెట్టదు.

అపరిచితుల సంచి ముట్టొద్దు

ఈ దారుల్లో గంజాయి రవాణా జరుగుతుంది కాబట్టి చెక్‌పోస్టుల్లో పోలీసులు బైకులు ఆపి సోదా చేస్తారు. కాగితాలు చూపించి, ఓపిగ్గా సహకరించాలి. ఎంత మంచివాడిలా కనిపించినా తెలియని మనిషిని సంచితో ఎక్కించుకోవద్దు. 'ఈ పార్శిల్ విశాఖలో ఇచ్చేయ్ భాయ్' అంటే ఒప్పుకోవద్దు. 20 కిలోలు మించితే చట్టం ప్రకారం కనీస శిక్షే పదేళ్లు. తెలియక మోశామని నిరూపించుకోవడానికే ఏళ్లు పడుతుంది, అప్పటికి చదువు, ఉద్యోగం రెండూ చేజారిపోతాయి.

అక్కడి గిరిజనులకు అది ఇల్లు. సంతలో ఆడవాళ్లను అడక్కుండా ఫొటోలు తీయొద్దు, కాఫీ తోటల్లోకి చొరబడొద్దు, ప్లాస్టిక్ పారేయొద్దు. దోమలు ఎక్కువ, మలేరియా ఉన్న ప్రాంతం. దోమల క్రీము రాసుకోవాలి. తిరిగొచ్చాక జ్వరం వస్తే ఎక్కడికెళ్లారో డాక్టర్‌కి చెప్పాలి.

ఇంట్లో ఉంచాల్సిన కాగితం

బయల్దేరే ముందు రాత్రి ఒక కాగితం రాసి ఇంట్లో ఇవ్వాలి. ఏ రోజు ఏ ఊరు, ఏ దారి, లాడ్జి పేరు, ఫోన్ నంబరు, తోటి స్నేహితుల ఇళ్ల నంబర్లు, బండి నంబరు, బ్లడ్ గ్రూపు. ఫోన్ రోజుకు మూడుసార్లు: బయల్దేరేటప్పుడు, జుహర్‌కి, గది చేరాక. మధ్యాహ్నం ఫోన్ రాకపోతే కంగారు పడక్కర్లేదు, సిగ్నల్ ఉండకపోవచ్చు. ఇషా దాటినా రాకపోతే ముందు లాడ్జికి, తర్వాత స్నేహితుల ఫోన్లకి చేయాలి. అప్పటికీ తెలియకపోతే 112కి ఫోన్ చేసి ఆ కాగితంలో ఉన్నది చెప్పాలి. ఎక్కడ వెతకాలో పోలీసులకు అప్పుడు తెలుస్తుంది. అంబులెన్స్‌కి 108.

అటువైపు కుర్రాళ్లు కూడా ఒక మాట నిలబెట్టుకోవాలి. దారి మారితే, ఊరు మారితే, సిగ్నల్ ఉన్నచోట ఆగి ఇంటికి చెప్పాలి. తవక్కుల్ అంటే ఒంటెను కట్టేసి అల్లాహ్ మీద భరోసా పెట్టడమని మనకు నేర్పారు. సఫర్ దుఆ చదివి బండి ఎక్కేలోపు ఆ కాగితం అమ్మీ చేతిలో ఉండాలి.