కీచైన్‌లో దాచిన నోటు... ఆపతికి పనికొస్తుందా?

2017 వసంత పంచమి. అక్క కూతురికి బాసరలో అక్షరాభ్యాసం. అక్కావాళ్లు నిర్మల్ నుంచి పొద్దున్నే వచ్చి గుడి దగ్గర క్యూలో నిలబడ్డారు. నేను సికింద్రాబాద్‌లో రైలెక్కి బాసర స్టేషన్‌లో దిగాను. జేబు తడుముకుంటే పర్సు లేదు! ఫోన్ తీస్తే ఛార్జింగ్ అయిపోయి చచ్చిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది, బండి తాళానికి వేలాడే చిన్న అల్యూమినియం డబ్బీ. చిటికెన వేలంత ఉంటుంది. అసలైతే మాత్రలు పెట్టుకోవడానికి. ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లేటప్పుడు అమ్మ అందులో ఐదొందల నోటు చుట్టి పెట్టింది. ‘‘ఎప్పుడన్నా ఆపతికి అక్కరకొస్తది, ఊకె తియ్యకు’’ అంది. తియ్యలేదు. మూడేళ్లు అలాగే ఉంది.

ఆటో ఎక్కి, దారిలో మూత తిప్పి, నోటు విప్పాను. వెనకవైపు దండి యాత్ర బొమ్మ. పాత ఐదొందలు! 2016 నవంబరు 8 రాత్రి రద్దయిన నోటు. బ్యాంకులో వేసుకోవడానికి గడువు డిసెంబరు 30తోనే అయిపోయింది. ఆ రోజుల్లో ఏటీఎంల ముందు గంటలు గంటలు నిలబడ్డా, జేబులో ఉన్న డబ్బీ మాత్రం ఒక్కసారీ గుర్తు రాలేదు.

నోటు చూసి ఆటో అన్న నవ్వాడు. ‘‘గిది నడవదే! గుడికాడ మీ అక్క ఉన్నదంటివి గదా, ఆమెనే ఇస్తది తియ్. కూసో.’’

ఇలా దాచుకోవడం మనకు కొత్తేం కాదు. అవ్వలు కొంగున ముడేసేవాళ్లు, రొండిన దోపుకునేవాళ్లు. తాయెత్తు చూడండి, రాగి రేకును సన్నగా చుట్టి వేలెడంత గొట్టంలో పెట్టేస్తారు. కీచైన్ డబ్బీ కూడా అలాంటిదే, మంత్రం బదులు పైసలు ఉంటాయంతే.

‘ఫోన్‌పే ఉండగా ఇదంతా ఎందుకు?’ అంటారా? ఛార్జింగ్ ఉన్నంతసేపు ఎందుకూ అక్కర్లేదు. పండగ రద్దీలో సిగ్నల్ దొరక్కపోతేనో, గోదావరిలో మునుగుదామని ఫోన్ గట్టున వదిలేస్తేనో తెలుస్తుంది.

సరే, ఎలా పెట్టాలి? చాలామంది మడత మీద మడత వేస్తారు. అక్కడే తప్పు. ఇప్పటి ఐదొందల నోటు పొడవు 150 మిల్లీమీటర్లు, వెడల్పు 66. ఒక్కో మడతకీ పొరలు రెట్టింపు అవుతాయి. ఆరు మడతలకు 64 పొరలు! నోటు మందం 0.1 మిల్లీమీటరు అనుకున్నా ఆరు మిల్లీమీటర్లు దాటుతుంది. డబ్బీలో పట్టదు, పట్టినా గీతలు పడ్డచోట నోటు చిరుగుతుంది. మన నోటు నూలు పీచుతో చేసిన కాగితం కాబట్టి కొంత ఓర్చుకుంటుంది. కానీ రెండు మడతలు కలిసే మూల దగ్గర ముందు చిల్లు పడుతుంది.

మడతలు తక్కువ వేసి, ఎక్కువగా చుట్టాలి. పొడవు అలాగే ఉంచి వెడల్పును మాత్రం ఒక్కసారి సగానికి మడవండి. 33 మిల్లీమీటర్ల పట్టీ వస్తుంది. దాన్ని ఒక కొస నుంచి బీడీ చుట్టినట్టు గట్టిగా చుట్టుకుంటూ పోతే ఏడెనిమిది మిల్లీమీటర్ల లావులో కూర్చుంటుంది. డబ్బీ ఇంకా పొట్టిదైతే వెడల్పును మూడుగా మడవండి, ఎత్తు 22కి దిగుతుంది.

వదిలేస్తే చుట్ట లోపలే విప్పుకుని గోడలకు పట్టేస్తుంది, తర్వాత ఎంత లాగినా రాదు. అందుకే దారంతో కట్టి, దారం కొస పైకి ఉంచాలి. రబ్బరు బ్యాండ్ వద్దే వద్దు, ఎండకు కరిగి నోటుకు అంటుకుంటుంది. మూత దగ్గర రబ్బరు రింగు ఉన్న డబ్బీ అయితే నీళ్లు పోవు.

ఇదంతా నేను కనిపెట్టింది కాదు. అమ్మ బీడీలు చుట్టేది. రోజుకు వెయ్యి బీడీల లెక్క తేల్చిన వేళ్లు ఆవిడవి. నా డబ్బీలోని పాత నోటు 167 మిల్లీమీటర్ల పొడవు, 73 వెడల్పు, ఇప్పటిదానికన్నా పెద్దది. అయినా అందులో పట్టించింది. కట్టింది కూడా బీడీ దారంతోనే.

ఏ నోటు పెట్టాలన్నది ఇంకో ప్రశ్న. నన్నడిగితే ఐదొందలు వద్దు. ఆటోలో, టీ కొట్టులో ‘చిల్లర లేదన్నా’ అనే మాటే వస్తుంది. రెండు వంద నోట్లు జోడించి చుట్టినా పది మిల్లీమీటర్ల లోపల సరిపోతాయి. పొరపాటున చిరిగినా కంగారు పడకండి. ఐదొందల నోటు వైశాల్యం 99 చదరపు సెంటీమీటర్లు, అందులో ఒకే ముక్కగా 80 మిగిలితే బ్యాంకులో పూర్తి విలువ వస్తుంది. ఏడాదికోసారి మాత్రం విప్పి చూసుకోండి. 2023 మేలో రెండు వేల నోటును వెనక్కి తీసుకుంటున్నామని రిజర్వు బ్యాంకు చెప్పిన రోజు నేను మొదట తెరిచింది డబ్బీనే.

ఆ రోజు గుడి దగ్గర ఆటో డబ్బులు అక్కే ఇచ్చింది. సాయంత్రం అమ్మ ఫోన్ చేసి, ‘‘పర్సు పోయిందట గదా, నేనిచ్చిన పైసలు అక్కరకొచ్చినయా?’’ అనడిగింది. వచ్చాయన్నాను.

పండక్కి ఇంటికెళ్తే నా తాళాలు అడిగి తీసుకుంది. డబ్బీలో రెండు వంద నోట్లు చుట్టి పెట్టి, దారం పళ్లతో తెంపి, ‘‘గీసారి నడిచేటియే పెట్టిన’’ అంది. అక్క చెప్పేసినట్టుంది.

పాత నోటు ఇంకా నా దగ్గరే ఉంది. అలాంటివి పది వరకు ఉంచుకోవచ్చని చట్టమే చెబుతోంది. నాకు ఒక్కటి చాలు.