పాత కారు మొరాయిస్తే.. పార్టు మార్చే ముందు ఏం చూడాలి?

మారుతీ 800 తయారీ 2014లో ఆగిపోయింది. అదే ఏడాది అంబాసిడర్ కూడా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో కథ ముగించింది. అయినా ఈ రెండూ రోడ్ల మీద ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. ఆ తర్వాత వచ్చిన శాంత్రో, ఆల్టో, వేగనార్‌ల పాత మోడళ్లయితే చెప్పక్కర్లేదు. కొత్త కారు ధర అందుబాటులో లేని చాలా కుటుంబాలకు, చిన్న వ్యాపారులకు సెకండ్ హ్యాండ్ కారే ఆధారం.

అలాంటి కారు ఓ ఉదయం స్టార్ట్ కాకపోతే అసలు ఖర్చు చెడిపోయిన పార్టుతోనే అయిపోదు. జబ్బు ఏమిటో తేలకుండా బ్యాటరీ, ప్లగ్గులు, పంపు ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ పోవడంతోనే జేబు ఖాళీ అవుతుంది. పాత కార్లలో తరచూ వచ్చే సమస్యలు కొన్నే. లక్షణాన్ని బట్టి వాటిని చాలావరకు గుర్తుపట్టవచ్చు.

స్టార్ట్ కావడం లేదు: సెల్ఫ్ తిరుగుతోందా, లేదా?

ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే. సెల్ఫ్ తిరగకపోతే సమస్య కరెంటు వైపు ఉంది. తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే పెట్రోలు, స్పార్క్‌ల వైపు చూడాలి.

సెల్ఫ్ తిరగనప్పుడు హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పాలి. లైట్లు బాగా మసకబారితే బ్యాటరీ డౌన్ అయినట్టు, లేదా టెర్మినల్స్ సరిగా పట్టడం లేనట్టు. లైట్లు వెలుగుతూనే ఉండి ‘టక్’మనే శబ్దం మాత్రమే వస్తే స్టార్టర్ మోటారును, దాని సోలినాయిడ్‌ను అనుమానించాలి. ఏ శబ్దమూ లేకపోతే ఇగ్నిషన్ స్విచ్, రిలే, వైరింగ్ చూడాలి.

టెర్మినల్స్ మీద తెల్లగానో, పచ్చగానో పొడి పేరుకుంటే కొత్త బ్యాటరీ కూడా పని చేయదు. ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్ వైరు విప్పి, తినే సోడా కలిపిన వేడి నీళ్లతో కడిగి, ఆరాక బిగిస్తే చాలాసార్లు సమస్య అక్కడితో తీరిపోతుంది.

ఐదు నిమిషాల్లో మల్టీమీటర్‌తో ఇంకో పరీక్ష చేయవచ్చు. ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక పూర్తి చార్జింగ్ ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపుతుంది. 12.2కు వస్తే సగం ఖాళీ అయినట్టే. ఇంజిన్ నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.5 వరకు చూపాలి. అంతకన్నా బాగా తక్కువుంటే ఆల్టర్నేటర్‌నో, దాని బెల్టునో చూడాలి. ఈ పరీక్ష చేయకుండా బ్యాటరీ మార్చితే కొత్త బ్యాటరీ కూడా మళ్లీ డౌన్ అవుతుంది.

సెల్ఫ్ తిరుగుతున్నా స్టార్ట్ కాకపోతే, ఇంజెక్షన్ కార్లలో తాళం ‘ఆన్’ చేయగానే వెనక సీటు కింది నుంచి రెండు సెకన్ల పాటు సన్నని గుర్రుమనే శబ్దం రావాలి. రాకపోతే పెట్రోలు పంపు కన్నా ముందు దాని ఫ్యూజు, రిలే చూడాలి.

ఒక హెచ్చరిక. సెల్ఫ్ మామూలుగా కాకుండా బరువు లేనట్టు గిర్రున తిరుగుతుంటే టైమింగ్ బెల్టు తెగి ఉండొచ్చు. అప్పుడు మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టకూడదు. కొన్ని ఇంజిన్లలో పిస్టన్లు వాల్వులకు తగిలి అవి వంగిపోతాయి. మారుతీ 800, పాత శాంత్రోల్లో ఉన్నది బెల్టే. పాత కారు కొన్నప్పుడు ఈ బెల్టు ఎప్పుడు మార్చారో తెలియకపోతే కొత్తది వేయించడమే మేలు.

వేడెక్కుతోంది: ట్రాఫిక్‌లోనా, హైవే మీదా?

రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల మే నెల ఎండలో పాత కారు నడిపేవారికి టెంపరేచర్ ముల్లు మీద ఓ కన్ను ఉండాల్సిందే. ముల్లు ఎర్ర గీత వైపు వెళ్తే ఏసీ ఆపి, కారు పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి. రేడియేటర్ మూత వెంటనే తీయకూడదు. లోపల ఒత్తిడి వల్ల కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీయగానే ఒత్తిడి పోయి, ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారే వరకు ఆగాలి.

కారు ఎక్కడ వేడెక్కుతోందన్నదే ఇక్కడ ఆధారం. సిగ్నళ్ల దగ్గర వేడెక్కి, హైవే మీద బాగుంటే రేడియేటర్ ఫ్యాన్ తిరగడం లేదని అర్థం. వేగంగా వెళ్లేటప్పుడు ఎదురుగాలే ఫ్యాన్ పని చేస్తుంది. ఫ్యూజు, రిలే, టెంపరేచర్ స్విచ్, మోటారు ఈ వరసలో చూడాలి. దీనికి భిన్నంగా ఊళ్లో బాగుండి హైవే మీద వేడెక్కితే రేడియేటర్ పూడుకుపోయి ఉండొచ్చు, లేదా థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకోకపోవచ్చు.

బయట ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గిపోతుంటే జాగ్రత్తపడాలి. ఆయిల్ మూత లోపల పాల మీగడలాంటి పదార్థం కనిపించినా, ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకపోయినా హెడ్ గాస్కెట్ పోయిందేమో చూపించుకోవాలి. అలాగే నడిపితే చిన్న పని కాస్తా ఇంజిన్ విప్పే పని అవుతుంది.

మన దగ్గర రెండు అలవాట్లు ఈ సమస్యను పెంచుతున్నాయి. ఒకటి, కూలెంట్ బదులు బోరు నీళ్లు పోయడం. నీటిలోని లవణాలు రేడియేటర్ సన్న గొట్టాల్లో గారలా పేరుకుంటాయి, లోహం తుప్పు పడుతుంది. రెండోది, వేడెక్కుతోందని థర్మోస్టాట్‌ను పీకేయడం. అలా చేస్తే ఇంజిన్ కావాల్సిన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. అసలు జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

ఈ20 పెట్రోలు వచ్చాక

దేశంలో పెట్రోలులో ఇథనాల్ వాటా 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. నిజానికి 20 శాతానికి మొదట పెట్టుకున్న గడువు 2030. ఈ20ని తట్టుకునే విడిభాగాలతో కార్లు విస్తృతంగా వస్తున్నది 2023 ఏప్రిల్ నుంచి. అంతకు ముందు కార్ల సంగతేమిటన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అమ్మాలన్న పిటిషన్‌ను కోర్టు 2025 సెప్టెంబర్ 1న కొట్టేసింది.

మైలేజీ తగ్గుదల నిజమే. లీటర్‌కు లీటర్ చూస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. పాత తరహా కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే అంచనా వేసింది. కొన్ని పాత వాహనాల్లో 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్లు తిరిగాక రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చని పెట్రోలియం శాఖ కూడా 2025 ఆగస్టులో చెప్పింది.

పాత కారులో దీని ప్రభావం మూడు చోట్ల కనిపించవచ్చు. పాత రకం రబ్బరు గొట్టాలు ఉబ్బడమో, బీటలు వారడమో జరుగుతుంది. ట్యాంకులో ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని ఇథనాల్ కదిలిస్తుంది, అది వచ్చి ఫిల్టర్‌కు అడ్డుపడుతుంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి, కారు నెలల తరబడి కదలకపోతే ట్యాంకు అడుగున నీళ్లు చేరే ప్రమాదం ఉంది. ఎక్కేటప్పుడు బండి జర్కులు ఇచ్చినా, స్పీడు అందుకోకపోయినా ముందు ఫిల్టర్ మార్చి చూడాలి. అది తక్కువ ఖర్చుతో పోయేది.

పెట్రోలు వాసన వస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు. కారే గొట్టానికి టేపు చుట్టడం, క్లాంపు బిగించి సరిపెట్టడం మంటలకు దారి తీయవచ్చు. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టం అడిగి వేయించుకోవాలి.

బ్రేకులతో ప్రయోగాలు వద్దు

పెడల్ మెత్తగా, స్పాంజిలా ఉంటే లైనులో గాలి చేరి ఉంటుంది. కాలు పెట్టి ఉంచితే మెల్లగా కిందికి దిగుతుంటే మాస్టర్ సిలిండర్ లీకవుతోందేమో చూడాలి. బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగితే ఒక చక్రం దగ్గర బ్రేకు పట్టేసిందో, అసలు పట్టడం లేదో తేల్చాలి.

చాలామంది మరిచిపోయేది బ్రేకు ఆయిల్. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్-3 ఆయిల్ మరిగే ఉష్ణోగ్రత కనీసం 205 డిగ్రీలు ఉండాలి. తేమ చేరాక అది 140 దాకా పడిపోవచ్చు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి ఆయిల్ మరిగితే పెడల్ నేల దాకా వెళ్లిపోతుంది. రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించడం ఇందుకే.

షెడ్డులో అడగాల్సింది

‘ఈ పార్టు పోయిందని ఎలా తేల్చారు?’ అని ఒక్క మాట అడిగితే సగం అనవసర ఖర్చు తగ్గుతుంది. మార్చిన పాత పార్టును చూపించమనాలి. మీటర్ బోర్డులో ఇంజిన్ లైటు ఉన్న కారైతే స్కానర్ పెట్టించాలి. అయితే స్కానర్ చెప్పేది లక్షణమే. ‘ఆక్సిజన్ సెన్సర్’ అని కోడు వచ్చినంత మాత్రాన సెన్సరే పోయిందనుకోకూడదు, వైరు తెగినా ఆ కోడు రావచ్చు.

ఎంతవరకు బాగు చేయించుకోవచ్చన్నది చివరి ప్రశ్న. ప్రైవేటు కారుకు 15 ఏళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఇందుకు కేంద్రం పెట్టిన ఫీజు 5 వేల రూపాయలు. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10 వేలకు పెంచారు. ఈ ఖర్చు పెట్టే ముందు కారును పైకెత్తించి అడుగు భాగం చూడాలి. బ్యాటరీ, రేడియేటర్, బ్రేకులు మార్చుకోవచ్చు. చివరికి ఇంజిన్ కూడా విప్పి బిగించవచ్చు. సస్పెన్షన్ బిగించే చోట్లా, సీట్ల కింది ఫ్లోరులోనూ తుప్పు తినేసి స్క్రూడ్రైవర్ దిగిపోతుంటే మాత్రం ఆ కారు మీద ఇక డబ్బు పెట్టకపోవడమే మంచిది.