కఱవునాళ్లలో సమ్మె

కఱవు పట్టిన యేటను, వ్యాపారములు సన్నగిలిన కాలమునను, ఇంటింటికి ఉత్తరములు, పైకము, సరకులు అందించు పనివారు సంఘముగా నేర్పడి సమ్మె కట్టవచ్చునా? ఈ ప్రశ్నకు రెండు సమాధానములు ఎల్లప్పుడు సిద్ధముగా నుండును. జనులందఱు కష్టములో నున్నప్పుడు వీరును ఓర్చుకొనవలెనని కొందఱందురు. హక్కునకు కాలాకాలములు లేవని మఱికొందఱందురు. ఈ రెండు మాటలను అనంతపురపు మెట్టనేలమీద నిలిపి పరీక్షింతము.

అనంతపురము జిల్లాకు ఏటికి సగటున రమారమి 550 మిల్లీమీటర్ల వాన. నైరృతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును; తూర్పు సముద్రము దూరమగుటచే ఈశాన్యపు వానయు నిండుగా రాదు. రైతు వేరుసెనగ విత్తి ఆకాశము వంక చూచుచుండును. 2022లో ఈ జిల్లానుండి శ్రీ సత్యసాయి జిల్లా వేఱుపడినది. నీటి కొఱత మాత్రము రెంటికి నొక్కటే. దేశమునకంతకు ఉద్దేశించిన ఉపాధి హామీ పథకమును 2006 ఫిబ్రవరి 2వ తేదీన ఈ జిల్లాలోని బండ్లపల్లిలోనే ప్రారంభించిరి. ఆ కూలి మన రాష్ట్రమున చాలకాలము తపాలా ఖాతాల ద్వారా ముట్టెను. కఱవునాట పోస్టుమాను సంచిలో చుట్టముల క్షేమసమాచారముతోపాటు ఆ వారపు బియ్యమును ఉండెనన్నమాట. సంచి ఆగినచో ముందుగా నొచ్చువాడు కూలివాడు. అధికారి వంతు ఆ తరువాత. సమ్మె వలదనువారి వాదములలో గట్టిది ఇదియే. దీనిని దాటవేసి మాటలాడుట న్యాయము కాదు.

అయినను ఆ సంచి మోయువాని సంగతియు వినవలెను. పల్లెలలోని బ్రాంచి తపాలా కార్యాలయములను నడుపువారు గ్రామీణ డాక్ సేవకులు. వీరిది ప్రభుత్వపు కొలువే గాని రెగ్యులరు సర్వీసునకు వెలుపలిదని సుప్రీముకోర్టు 1977లో తీర్పు చెప్పినది. దినమునకు కొలది గంటల పనియని లెక్క. భత్యమును ఆ గంటలకే. 2018 నాటికి వీరి మూలభత్యములో అతిచిన్న మెట్టు నెలకు 2,295 రూపాయలు. దీనిని సవరింపవలసినదని కమలేశ్ చంద్ర సంఘము 2016 నవంబరులో నివేదిక నిచ్చెను. ఏడాదిన్నర గడచెను. రెగ్యులరు ఉద్యోగులకు ఏడవ వేతనసంఘపు జీతములు ముట్టుచుండెను. వీరి కాగితము మాత్రము కదలలేదు. 2018 మే 22న దేశమంతట వీరు సమ్మె కట్టిరి. పదునాఱవ నాడు, జూన్ 6న, కేంద్ర మంత్రివర్గము నాలుగు గంటల పనికి కనీసము 10,000 రూపాయలు, బ్రాంచి పోస్టుమాస్టరునకు 12,000 రూపాయలు అంగీకరించెను.

వీరికి ఆ బలమెక్కడిది? ఎవరి యిల్లెక్కడనున్నదో, ఏ ముసలమ్మకు ఏ పింఛను వచ్చునో, ఎవరి కొడుకు ఏ పట్టణమునకు వలసపోయెనో యెఱిగినవాడు ఊరికొక్కడే యుండును. వాని స్థానమున మఱియొకని కూర్చుండబెట్టుట ఒకనాటి పని కాదు. పైగా వారి కోరిక ప్రభుత్వము తాను నియమించిన సంఘము ఒప్పుకొన్నదే.

ఇట్టిదే ఇంకను పాత యుదాహరణ మొకటి కలదు. 1946లో యుద్ధము ముగిసినను ధరలు దిగలేదు. తిండిగింజల కొఱత దేశమంతట నుండెను. వేతనసంఘము నియమితమైనది గదా, దాని తీర్పు వచ్చువఱకు ఆగుట మేలనిపించు కాలమది. పోస్టుమానులు ఆగలేదు. జూలై 11న సమ్మె మొదలయ్యెను. 29న వారి పక్షమున కలకత్తా నగరమంతయు స్తంభించెను. కొన్ని కోరికలు నెఱవేఱి ఆగస్టు మొదటివారమున పని తిరిగి సాగెను. మఱుసటియేడు వేతనసంఘము కనిష్ఠోద్యోగికి 30 రూపాయల జీతము, 25 రూపాయల కఱవుభత్యము నిర్ణయించెను. కఱవుభత్యమను ఈ పేరు చిత్రమైనది. వాన కురిసినను కురియకున్నను ధరలనుబట్టి అది పెరుగును. నిజముగా కఱవు ననుభవించు కూలికి మాత్రము అది లేదు.

అన్ని సమ్మెలును ఇట్లు ముగియలేదు. 1974లోను ధరలు మండుచుండెను. మే 8న రైల్వేవారు సమ్మె కట్టగా, వేలకొలది జనులను నిర్బంధించి ప్రభుత్వము దానిని అణచెను. 27న కోరికలు తీరకయే విరమించిరి. గుంతకల్లు వంటి రైల్వే కూడలిలో బోనసు అను మాటకు 1979 వఱకు అర్థమే లేకుండెను.

ఇక నేటి సంగతి. వాన తప్పినచో అనంతపురపు యువకుడు రమారమి 200 కిలోమీటర్ల దూరముననున్న బెంగుళూరు చేరును. అప్పు చేసి మోటారుసైకిలు కొని, యాప్‌లో పేరు నమోదు చేయించుకొని, భోజనపు పొట్లములు మోయును. పెట్రోలు వానిదే, బండి మరమ్మతు వానిదే. ఆర్డరు రాని గంటలకు కూలి లేదు. వాని స్థానమును నింపుటకు ఊరి జ్ఞానము అక్కఱలేదు. వీధులు చూపుటకు చేతిలో ఫోను చాలును. 2025 డిసెంబరు 25, 31 తేదీలలో ఇట్టి పనివారి సంఘములు సమ్మెకు పిలుపునిచ్చినవి. పది నిమిషములలో సరకు అందించవలెనను పద్ధతి తొలగించుట వారి కోరికలలో ముఖ్యము. 31వ తేదీన జొమాటో, బ్లింకిట్ సంస్థల ద్వారా 75 లక్షల ఆర్డర్లు అందెనని వాని యధిపతి ప్రకటించెను. లెక్క చూచినచో సమ్మె ఓడినట్లే. కాని జనవరిలో కేంద్ర కార్మికశాఖ జోక్యముతో బ్లింకిట్ తన పది నిమిషముల ప్రకటనను మానుకొనెను. ఓడిన సమ్మెయు ఒక్కొక్కప్పుడు ఒక మాటనైన గెలుచును.

నా యభిప్రాయమిది. డాక్ సేవకుని వంటివాడు కఱవునాటను సమ్మె కట్టవచ్చును; అయితే పింఛనును, కూలిపైకమును, మందుల పొట్లమును సమ్మెనుండి మినహాయించి, ఆ మాటను నోటీసులోనే వ్రాయవలెను. అట్లు చేసినచో నష్టము శాఖ పద్దులలో కనిపించును, కూలి యింటి పొయ్యిలో కనిపించదు. బండివాని స్థితి వేఱు. వ్యాపారము మందగించిన నాళ్లలో అతడు దీర్ఘకాలపు సమ్మెకు దిగినచో, వాని యూరివాడే, వానికంటె ఆకలిగొన్నవాడు, ఆ యాప్‌లో చేరును. వానిని ద్రోహియనుట సులభము. వాడు వచ్చిన పొలమును చూచినవారు అట్లనరు. కనుక బండివారి సంఘమునకు బెంగుళూరులో ఎంత పనియున్నదో కల్యాణదుర్గములోను, రాయదుర్గములోను అంత పనియున్నది. కొత్తవాడు బండి యెక్కకముందే సభ్యుడు కావలెను. సమ్మెదినములలో వానికి తిండి పెట్టుటకు కొంత నిధియు ఉండవలెను. జూలై గడచి విత్తనము పడనినాడు బెంగుళూరు బస్సులు నిండుట మొదలగును. సంఘమువారు చందా పుస్తకములతో కల్యాణదుర్గపు బస్టాండునకు రావలసినది ఆ వారములోనే.