ఐర్లాండ్‌లో ముత్తాత ఇల్లు వెతకాలంటే పేరు కాదు, ఊరు కావాలి

ఈరోజు టాపిక్ ఐర్లాండ్. ఆ ద్వీపం మొత్తం జనాభా 70 లక్షల పైచిలుకు. కానీ అమెరికాలో "మా మూలాలు ఐర్లాండ్‌వి" అని చెప్పుకునేవాళ్ళు 3 కోట్లకు పైనే. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు వచ్చి కరువు మొదలైంది. దాదాపు 10 లక్షల మంది చనిపోయారు, అంతకన్నా ఎక్కువమంది ఓడలెక్కారు. వాళ్ళ మునిమనవళ్ళు ఇప్పుడు వెనక్కి వెతుక్కుంటున్నారు.

నేను జాబ్ చేసేటప్పుడు మా క్లయింట్ టీమ్‌లో బోస్టన్ ఆయన ఒకరు ఉండేవారు. వాళ్ళమ్మకి 80 దాటాయి. పూర్వీకుల గడప ఒక్కసారి తొక్కి రావాలని ఆవిడ కోరిక. ఈయనకి తెలిసిందల్లా రెండు ముక్కలు: ఇంటిపేరు సల్లివాన్, జిల్లా కార్క్. కార్క్ అంటే ఐర్లాండ్‌లో అన్నిటికన్నా పెద్ద కౌంటీ, సల్లివాన్‌లు అక్కడ వీధికొకరు. ఎవరో అమెరికా నుంచి దిగి "మా తాత రెడ్డి, అనంతపురం వైపు, ఇల్లెక్కడ?" అని అడిగినట్టు ఉంటుంది కదా! అలా అన్నమాట. ఆయన కోసం నేను కూడా కూర్చున్నా, అప్పుడే ఇదంతా తెలిసింది.

సరే, జనాభా లెక్కలు చూస్తే పోలా? అక్కడే అసలు దెబ్బ. 1922 జూన్ 30న డబ్లిన్‌లో అంతర్యుద్ధం మధ్య ఫోర్ కోర్ట్స్ దగ్గరి రికార్డుల భవనం పేలి తగలబడింది. 1821 నుంచి 1851 వరకు తీసిన జనాభా లెక్కలు దాదాపు అన్నీ బూడిద. 1861, 1871 లెక్కల్ని ప్రభుత్వమే నాశనం చేసింది. 1881, 1891వి మొదటి ప్రపంచ యుద్ధం టైమ్‌లో కాగితం కొరతని గుజ్జు చేసేశారు. పూర్తిగా మిగిలినవాటిలో మొదటిది 1901, తర్వాతది 1911. రెండూ ఆన్‌లైన్‌లో ఫ్రీ. కానీ కరువులో వెళ్ళిపోయినవాళ్ళు అప్పటికి అమెరికాలో మనవళ్ళను ఎత్తుకుంటున్నారు!

అందుకే టౌన్‌ల్యాండ్ దొరకాలి. పేరులో టౌన్ ఉందని మోసపోకండి, అది పల్లెకన్నా చిన్నది, మన ఊరి శివారు లాంటిది. కొన్ని పొలాలు, నాలుగైదు ఇళ్ళు ఉన్నా చాలు. ఇలాంటివి 60 వేలకు పైగా ఉన్నాయి. కౌంటీ, బారనీ, పారిష్, దాని కింద టౌన్‌ల్యాండ్. డేటాబేస్ భాషలో చెప్పాలంటే పేరు ప్రైమరీ కీ కాదు, ఇది తోడైతేనే రికార్డు దొరుకుతుంది.

ఆ పేరు దొరికేది ఐర్లాండ్‌లో కాదు, వలస వెళ్ళిన చోట. సమాధి రాయి మీద చూడాలి, చర్చి పెళ్ళి రిజిస్టర్‌లో చూడాలి, పాత ఉత్తరాల్లో చూడాలి. నాకు బాగా పట్టేసింది ఇంకోటి. బోస్టన్‌లో పైలట్ అనే క్యాథలిక్ పత్రిక 1831 నుంచి 1921 దాకా తప్పిపోయినవాళ్ళ కోసం ప్రకటనలు వేసింది. ముందు వెళ్ళిన భర్త కోసం భార్య, అన్న కోసం చెల్లెలు. మనిషిని గుర్తుపట్టాలి కాబట్టి ఏ కౌంటీ, ఏ పారిష్, ఎప్పుడు ఓడెక్కాడు అన్నీ రాసేవాళ్ళు. వాళ్ళు ఒకర్నొకరు కలిశారో లేదో కానీ, ఆ నాలుగు లైన్లే ఇవాళ మునిమనవళ్ళకి దారి చూపిస్తున్నాయి.

ఊరు తెలిశాక గ్రిఫిత్ వాల్యుయేషన్ తెరవాలి. రిచర్డ్ గ్రిఫిత్ ఆధ్వర్యంలో 1847 నుంచి 1864 వరకు పన్ను కోసం చేసిన సర్వే ఇది. కౌలుదారు ఎవరు, భూమి ఎవరిది, ఎంత విస్తీర్ణం, ఎంత విలువ అన్నీ ఉంటాయి. ప్రతి ఎంట్రీ పక్కన ఒక నంబర్ ఉంటుంది, అదే నంబర్ మ్యాప్ మీదా ఉంటుంది. ఆ మ్యాప్‌ని ఇప్పటి శాటిలైట్ చిత్రంతో పోల్చుకుంటే ఇల్లున్న స్థలం తెలుస్తుంది. ఫోన్‌లోనే!

అయితే మా బోస్టన్ ఆయనకి ఒకే పారిష్‌లో ముగ్గురు జాన్ సల్లివాన్‌లు తగిలారు. ఇలాంటప్పుడు రెండు ఆధారాలు. మనం పెద్ద వెంకయ్య, చిన్న వెంకయ్య అన్నట్టు సర్వేవాళ్ళు కూడా కొన్నిచోట్ల పేరు పక్కన తండ్రి పేరో, పెద్ద, చిన్న అనో రాశారు. రెండోది, వాళ్ళలోనూ మొదటి కొడుక్కి నాన్నవైపు తాత పేరు, రెండోవాడికి అమ్మవైపు తాత పేరు పెట్టే అలవాటు ఎక్కువ. అమెరికాలో పుట్టిన పిల్లల పేర్లు వరసగా రాసి చూస్తే ఇద్దరు జాన్‌లు తేలిపోయారు. మిగిలినవాడిని పారిష్ బాప్టిజం రిజిస్టర్‌తో సరిచూశాం. క్యాథలిక్ రిజిస్టర్ల ఫొటోలు 2015 నుంచి ఐర్లాండ్ జాతీయ గ్రంథాలయం సైట్‌లో ఫ్రీగా ఉన్నాయి. చేతిరాత మాత్రం డాక్టర్ చీటీనే.

ఇంట్లో ఒక తమ్ముడో మేనల్లుడో అక్కడే ఉండిపోయి ఉంటే 1901 ఫారాలు బంగారం. గోడలు రాయా మట్టా, పైకప్పు పలకలా గడ్డా, గదులెన్ని, ముందువైపు కిటికీలెన్ని అన్నీ లెక్కేసి ఇంటికి క్లాస్ ఇచ్చారు. వయసు మాత్రం నమ్మకండి. 1909లో 70 దాటినవాళ్ళకి పెన్షన్ మొదలైంది. 1864కి ముందు అందరి జననాలకీ సర్కారు నమోదు లేదు కదా, 1901లో 58 ఉన్న ముసలాయన 1911కల్లా 72 అయిపోయాడు! మన దగ్గర పెన్షన్ లైన్లో ఇలాంటివి చూడనివాళ్ళు ఎవరు?

ఒబామా తల్లి వైపు పూర్వీకుడు ఫాల్మత్ కియర్నీ 1850లో ఆఫలీ కౌంటీలోని మనీగాల్ నుంచి వెళ్ళాడు. అక్కడి చర్చి రికార్డుల్లో ఆ కుటుంబం దొరికింది, 2011లో ఒబామా ఆ ఊరు వెళ్ళొచ్చారు. ఇప్పుడక్కడ హైవే పక్కన ఆయన పేరుతో పెట్రోల్ బంక్, ఫుడ్ కోర్ట్ ఉన్నాయి, నిజంగా.

కియర్నీలది చెప్పులు కుట్టే కుటుంబమైనా కాగితంలో మిగిలింది. వేరే రైతు పొలంలో గుడిసె వేసుకున్న కూలీల పేరు చాలాసార్లు గ్రిఫిత్‌లో కూడా రాదు. కరువులో ముందే పోయినవాళ్ళ ఇళ్ళైతే సర్వే వచ్చేసరికే కూలిపోయాయి. అలాంటప్పుడు ఎవరైనా మొండిగోడ చూపించి "ఇదే మీ తాత ఇల్లు" అంటే ఫొటో దిగేయకండి, ఏ పుస్తకంలో ఏ నంబరో అడగండి. చెప్పలేకపోతే టౌన్‌ల్యాండ్ దగ్గరే ఆగండి, ఆ మట్టి వరకు ఖాయం. గోడ నిజంగా మీదే అయినా, పొలం ఇప్పుడు వేరేవాళ్ళది. గేటు తీసేముందు ఆ రైతుని అడగండి, లోపల ఆవులుంటాయి.