నా గడ్డం నా ఇష్టం... అంటే కుదిరేదా?

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం... లెమిన్‌స్టర్ అనే ఊరు. అక్కడి శ్మశానంలో ఓ పాత సమాధిరాయి ఉంది. దానిమీద పొడవాటి గడ్డంతో ఓ పెద్దాయన ముఖం చెక్కి ఉంటుంది. 'గడ్డం పెంచినందుకు వేధింపుల పాలైనవాడు' అని రాసి ఉంటుంది.

ఆయన పేరు జోసెఫ్ పామర్. ఓ మామూలు రైతు. 1830లో పక్కనే ఉన్న ఫిచ్‌బర్గ్‌కి మకాం మార్చాడు. అప్పట్లో ఆ చుట్టుపక్కల గడ్డం పెంచిన మగవాడే లేడు. దాంతో పామర్ కనబడితే చాలు పిల్లలు రాళ్లు విసిరేవారు. ఆడవాళ్లు రోడ్డు దాటి అవతలివైపు నడిచేవారు. ఓ రోజు నలుగురు కత్తెర, సబ్బు, కత్తి పట్టుకొచ్చి నడివీధిలో ఆయనమీద పడ్డారు. కింద పడేసి గడ్డం గీసేయాలని వాళ్ల పట్టుదల. పామర్ ఊరుకోలేదు. జేబులోని చాకు తీసి ఇద్దరిని గాయపరిచాడు. అరెస్టయింది ఎవరనుకుంటున్నారు? పామరే! జరిమానా కట్టి ఇంటికెళ్లమన్నారు. తప్పు చేయనివాణ్ని ఎందుకు కట్టాలన్నాడాయన. ఫలితం... ఏడాదికి పైగా జైలు. అక్కడా తోటి ఖైదీలు గడ్డం గీయబోతే కలబడి కాపాడుకున్నాడు. చివరికి విసిగిపోయిన అధికారులు వెళ్లిపొమ్మన్నా కదల్లేదట. కుర్చీతో సహా ఎత్తి బయట పెట్టారని చెబుతారు.

విచిత్రం ఏమిటంటే పామర్ బతికుండగానే కాలం ఆయన వైపు తిరిగింది. 1860లో గ్రేస్ బెడెల్ అనే పదకొండేళ్ల పాప అబ్రహాం లింకన్‌కి ఉత్తరం రాసింది. 'మీ ముఖం మరీ పీలగా ఉంది, గడ్డం పెంచితే బాగుంటారు, ఆడవాళ్లు తమ భర్తలచేత మీకు ఓటేయిస్తారు' అన్నది దాని సారాంశం. లింకన్ గడ్డం పెంచాడు. గడ్డంతో అధ్యక్ష పదవిలోకి వచ్చిన తొలి అమెరికన్ ఆయనే. ముప్ఫై ఏళ్ల కింద జైలుకి పంపిన గడ్డమే దేశాధ్యక్షుడి ముఖంమీద హుందాతనమైపోయింది!

పేలకు భయపడి...

ఇంతకీ ముఖంమీద కత్తి పెట్టాలన్న ఆలోచన ఎప్పటిది? చాలా పాతది. ప్రాచీన ఈజిప్టు సమాధుల్లో రాగి, కంచు కత్తులు దొరికాయి. డెన్మార్క్‌లో కంచుయుగం నాటి కత్తులమీద పడవ బొమ్మలు కూడా చెక్కారు. అంత ముచ్చటగా చేసుకున్నారంటే అది వాళ్లకు మామూలు పనిముట్టు కాదన్నమాట. రెండున్నర వేల ఏళ్ల కిందటి గ్రీకు రచయిత హెరొడోటస్ చెప్పినదాని ప్రకారం ఈజిప్టు పూజారులు రోజు విడిచి రోజు ఒళ్లంతా గీయించుకునేవారు. కారణం భక్తే కానీ, దాని వెనక ఉన్నది మాత్రం పేల భయం. దేవుడి సేవలో ఉండగా ఒంటిమీద పేను కనబడకూడదు కదా!

అలాగని వాళ్లకు గడ్డమంటే చులకన కాదు. రాజుగారికి అది ఉండాల్సిందే. నున్నగా గీసుకున్న గడ్డానికి పెట్టుడు గడ్డం కట్టుకునేవారు. దాదాపు 3,500 ఏళ్ల కింద సింహాసనమెక్కిన హాట్‌షెప్సుట్ రాణి అయినా సరే, శిల్పాల్లో గడ్డంతోనే కనిపిస్తుంది. టుటంఖామన్ బంగారు ముఖానికీ అలాంటి గడ్డమే ఉంది. 2014లో కైరో మ్యూజియంలో అది ఊడిపోతే ఎపాక్సీ జిగురుతో అతికించి నానా గొడవా తెచ్చుకున్నారు. మరుసటి ఏడు నిపుణులు వచ్చి సరిచేయాల్సి వచ్చింది.

తెలుగులో ఓ తమాషా ఉంది. చుబుకాన్నీ గడ్డమనే అంటాం, దానిమీది వెంట్రుకల్నీ గడ్డమనే అంటాం. ఎవరినైనా ఒప్పించాలంటే 'గడ్డం పట్టుకుని బతిమాలాం' అంటాం. గ్రీకులదీ అదే అలవాటు. హోమర్ ఇలియడ్‌లో థెటిస్ తన కొడుకు అకిలిస్ కోసం జ్యూస్ దేవుణ్ని వేడుకునేది ఒక చేత్తో మోకాళ్లు చుట్టేసి, మరో చేత్తో గడ్డం పట్టుకునే. కానీ బతిమాలడానికి పనికొచ్చే పిడి యుద్ధంలో శత్రువుకూ పనికొస్తుంది. అందుకే అలెగ్జాండర్ తన సైనికుల గడ్డాలు తీయించేశాడని ప్లూటార్క్ రాశాడు. సైన్యం కోసమని గడ్డాలకు ఎసరు రావడం అదే ఆఖరు కాదు.

రోమన్ల సంగతి మరోరకం. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో సిసిలీ నుంచి క్షురకులు వచ్చేదాకా వాళ్లందరివీ గడ్డాలే. తర్వాత గీసుకోవడం ఎంత గొప్పయిందంటే కుర్రాడి తొలి గడ్డం తీయడం ఇంట్లో పండగే. నీరో చక్రవర్తి తన తొలి గడ్డాన్ని ముత్యాలు పొదిగిన బంగారు పెట్టెలో పెట్టి దేవుడికి సమర్పించాడు. ఆ తర్వాత హేడ్రియన్ గడ్డం పెంచాడు. ఇంకేముంది, మళ్లీ గడ్డాల కాలం! అన్నట్టు, 'బార్బర్' అన్న మాట పుట్టింది గడ్డానికి లాటిన్ పేరైన 'బార్బా' నుంచే.

గడ్డానికి రసీదు

రష్యా జార్ పీటర్ 1698లో పశ్చిమ ఐరోపా పర్యటన ముగించుకుని మాస్కో చేరాడు. క్షేమసమాచారాలు కనుక్కోవడానికి వచ్చిన ప్రభువుల గడ్డాలు తన చేత్తోనే కత్తిరించడం మొదలుపెట్టాడు. ఐరోపావాళ్లలా కనబడితేనే ఐరోపావాళ్లలా బతుకుతారని ఆయన నమ్మకం. కానీ ఆనాటి రష్యన్లకు గడ్డం దేవుడిచ్చిన రూపం. అది లేకుండా చచ్చిపోతే పైలోకంలో ముఖం ఎలా చూపించాలన్నది వాళ్ల దిగులు. అక్కడ పనిచేసిన ఇంగ్లిష్ ఇంజినీరు జాన్ పెర్రీ ఓ ముసలి వడ్రంగి గురించి రాశాడు. అతను తీయించుకున్న గడ్డాన్ని జాగ్రత్తగా దాచుకున్నాడు... తన శవపేటికలో పెట్టించుకోవడానికి!

1705లో పీటర్ పన్ను వేశాడు. గడ్డం కావాలా, ఉంచుకో, డబ్బు కట్టు. సంపన్న వర్తకులకు ఏడాదికి వంద రూబుళ్లు, ఆస్థానంలోని వాళ్లకు అరవై. రైతుని ఊళ్లో ఉన్నంతకాలం అడిగేవాడు లేడు కానీ పట్నం గుమ్మం దాటిన ప్రతిసారీ ఓ కోపెక్కు ఇచ్చుకోవాలి. పన్ను కట్టినవాళ్లకు ముక్కు, మీసం, గడ్డం బొమ్మలున్న బిళ్ల ఇచ్చేవారు. దాన్ని వెంట పెట్టుకు తిరగాలి. ఈ పన్ను 1772 దాకా సాగింది.

రోజూ గీసుకోవడం సామాన్యుడి అలవాటు కావడానికి మాత్రం రాజులు కాదు, ఓ సేల్స్‌మన్ కారణం. కింగ్ క్యాంప్ జిల్లెట్ సీసా మూతల కంపెనీలో పనిచేసేవాడు. 'ఒకసారి వాడి పారేసే వస్తువు కనిపెట్టు, జనం మళ్లీ మళ్లీ కొంటారు' అన్న ఆ కంపెనీ పెద్దాయన సలహా బుర్రలో తిరుగుతుండగా, 1895లో ఓ ఉదయం మొద్దుబారిన కత్తితో తంటాలు పడుతూ బ్లేడు ఆలోచన చేశాడు. 1903లో అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. అంతే. తర్వాత మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. విషవాయువు నుంచి కాపాడే ముసుగు ముఖానికి అతుక్కోవాలంటే గడ్డం అడ్డు. అమెరికా సైన్యం 35 లక్షల రేజర్లు కొని సైనికులకు పంచింది. యుద్ధం నుంచి ఇంటికొచ్చినవాళ్లు రేజరుతోపాటు అలవాటునీ తెచ్చుకున్నారు.

బ్రిటిష్ సైన్యంలో ఇంకో చోద్యం. అక్కడ గడ్డం గీయాలి కానీ పైపెదవి మీద కత్తి పెట్టకూడదు. 1916లో ఆ నిబంధన తీసేస్తూ ఉత్తర్వులిచ్చిన జనరల్ మెక్రెడీకి తన మీసమంటేనే పడదట. సంతకం పెట్టగానే వెళ్లి తీయించేసుకున్నాడు. గడ్డానికి మాత్రం అక్కడి సైనికులు 2024 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది.

నదికి అటూ ఇటూ

ఇవన్నీ పాత ముచ్చట్లనుకుంటే పొరపాటే. మధ్య ఆసియాలో పాంజ్ అనే నది ఉంది. ఓ ఒడ్డున తజికిస్థాన్‌లోని ఖత్లోన్ ప్రాంతం, మరో ఒడ్డున అఫ్గానిస్థాన్. తీవ్రవాదాన్ని అరికట్టే పేరుతో ఒక్క 2015లోనే ఖత్లోన్ పోలీసులు దాదాపు 13 వేలమంది గడ్డాలు తీయించారు. ఆ లెక్క చెప్పింది పోలీసులే. ఇక అవతలి ఒడ్డున... తాలిబన్లు 2024 ఆగస్టులో ప్రకటించిన చట్టం ప్రకారం గడ్డం పిడికెడు కన్నా తగ్గకూడదు. రెండు ఒడ్డులా మనుషులు అదే దేవుణ్ని కొలిచేవాళ్లే.

మన దగ్గర గడ్డం కోర్టుకెక్కింది. మతవిశ్వాసం ప్రకారం గడ్డం పెంచుకుంటానన్న ఓ ముస్లిం ఉద్యోగిని వైమానికదళం తొలగించింది. సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో ఆ నిర్ణయాన్ని సమర్థించింది. జుట్టు తీయకూడదని మతమే నిషేధించిన సిక్కులకు మినహాయింపు ఉందనీ, మిగతావారికి క్రమశిక్షణ, ఏకరూపత ముఖ్యమనీ చెప్పింది. నౌకాదళంలో మాత్రం అనుమతి తీసుకుని గడ్డం పెంచుకోవచ్చు. ఒకే దేశం, రెండు దళాలు, రెండు పద్ధతులు!

ఇళ్లలోనూ పద్ధతులు తక్కువేం కాదు. మంగళవారం సెలూన్‌కి వెళితే తాళం కనిపిస్తుంది. కొన్ని కుటుంబాల్లో భార్య కడుపుతో ఉంటే భర్త కత్తి ముట్టడు. అయ్యప్ప మాల వేసుకుంటే నలభై ఒక్క రోజులూ గడ్డమే. వీటిని ఎవరి ఇష్టం కొద్దీ వాళ్లు పాటిస్తారు కాబట్టి పేచీ లేదు. మీసం దగ్గరికొచ్చేసరికే వ్యవహారం మారిపోతుంది. 'మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె' అనే సామెత వినడానికి సరదాగానే ఉంటుంది. కానీ ఎవరు మీసం మెలేయాలో, ఎవరు దించుకోవాలో ఊరే తీర్మానించిన కాలం ఒకటుంది. అది పూర్తిగా పోలేదు కూడా.

2017 సెప్టెంబరులో గుజరాత్‌లోని గాంధీనగర్ దగ్గర లింబోదరా గ్రామంలో మీసాలు పెంచినందుకు అగ్రవర్ణాలవాళ్లు తమను కొట్టారని దళిత యువకులు పోలీసులకు ఫిర్యాదు చేశారు. వార్త బయటికి రాగానే రాష్ట్రంలోని ఎందరో దళిత యువకులు అద్దం ముందు నిలబడి మీసం మెలేస్తూ సెల్ఫీలు దిగారు. వాట్సాప్‌లో తమ ఫొటోలు తీసేసి అందరూ ఒకే బొమ్మ పెట్టుకున్నారు. అందులో ఉన్నది మెలితిరిగిన మీసం, ఓ కిరీటం, 'మిస్టర్ దళిత్' అనే పేరు.