కూతకు ముందే చూడాల్సినవి

మన దేశానికి అధికారికంగా జాతీయ క్రీడ అంటూ ఏదీ లేదు. నారాయణఖేడ్ చుట్టుపక్కల తండాల పిల్లలకు మాత్రం పైసా ఖర్చు లేకుండా దొరికే ఆట కబడ్డీ. సున్నంతో గీతలు గీస్తే బరి సిద్ధం. అక్కడి నుంచి జిల్లా జట్టుకు, రాష్ట్ర జట్టుకు వెళ్లాలంటే పిల్లల సత్తా ఒక్కటే చాలదు, ఆట చుట్టూ ఉన్న పెద్దలూ సరిగ్గా ఉండాలి.

ముందు వయసు సంగతి. కబడ్డీలో పిల్లల విభాగాలకు వయసుతోపాటు బరువుకూ హద్దు ఉంటుంది. పదిహేనేళ్ల పిల్లవాడు కూతకు వెళ్తే, వయసు దాచి ఎదుటి జట్టులో చేరిన పద్దెనిమిదేళ్ల యువకుడు చీలమండ పట్టి లాగుతాడు. పోయేది పాయింటే కాదు, మోకాలు కూడా. అందుకే ఈ ఆటలో వయసు మోసాన్ని నేను దెబ్బ కిందే లెక్కగడతాను. తూకం రోజున కిలో తగ్గాలని పిల్లల చేత నీళ్లు మాన్పించడమూ అంతే ప్రమాదం.

అనుమానం వస్తే ఎడమ చేతి మణికట్టుకు ఎక్స్‌రే తీసి ఎముకల ఎదుగుదలను బట్టి వయసు అంచనా వేస్తారు. అది అంచనాయే, కొంత అటూఇటూ అవుతుంది. జనన ధ్రువపత్రం లేక, బడిలో చేర్చిన రోజు ఎవరో వేసిన తేదీతో పెరిగిన పిల్లలు మన పల్లెల్లో ఉన్నారు. వాళ్లను మోసగాళ్ల జాబితాలో కలపడం అన్యాయం. కాగితం సరిచేసుకునే దారి ముందే చూపాలి.

ఆట చూసేవాళ్లకూ భద్రత కావాలి. 2021 మార్చి 22న సూర్యాపేటలో 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల వేళ ప్రేక్షకుల గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. గ్యాలరీ ఎంత బరువు ఆపుతుందో జనం ఎక్కకముందే ఇంజినీరు చేత చూపించాలి.

ఇక సంఘాల సంగతి. భారత అమెచ్యూర్ కబడ్డీ సమాఖ్యకు ఏళ్ల తరబడి అధ్యక్షుడిగా ఉన్న జనార్దన్ సింగ్ గెహ్లోత్ జీవితకాల అధ్యక్షుడయ్యారు, ఆయన భార్య అధ్యక్షురాలయ్యారు. ఇది చెల్లదని 2018లో ఢిల్లీ హైకోర్టు తేల్చి, సమాఖ్యను నిర్వాహకుడి చేతిలో పెట్టింది. ఎన్నికైన కార్యవర్గానికి పగ్గాలు ఇవ్వమని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2025 ఫిబ్రవరి వచ్చింది. అదీ ఇరాన్‌లో ఆసియా పోటీలకు వెళ్లనివ్వమంటూ ఇద్దరు క్రీడాకారిణులు కోర్టు తలుపు తట్టాక. మార్చిలో మన అమ్మాయిలు టెహ్రాన్ వెళ్లి కప్పు గెలిచారు. పెద్దల తగవు తీరకపోతే ఆ అవకాశమే చేజారేది.

అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పాలన చట్టం చేసింది. సమాఖ్యల్లో ఫిర్యాదులు వినే ఏర్పాటు, మహిళలకు, మైనర్లకు రక్షణగా సురక్షిత క్రీడా విధానం, వివాదాలకు ప్రత్యేక ట్రిబ్యునల్ ఉండాలని అందులో ఉంది. ట్రిబ్యునల్ దాకా నారాయణఖేడ్ తల్లి ఎలాగూ వెళ్లలేదు. ఆమెకు కావాల్సింది పోటీలు జరిగే చోటే గోడకు అంటించిన ఫిర్యాదు నంబరు, అమ్మాయిల జట్టు వెంట వెళ్లే ఒక మహిళ, బరి పక్కన ప్రథమ చికిత్స తెలిసిన మనిషి.