కరెంటు కుక్కరులో కందిపప్పు

పొయ్యిమీది కుక్కరు స్థానములో కరెంటు కుక్కరు ఇప్పుడు పల్లెలలోను కనబడుచున్నది. దానితోపాటు ఒక ఫిర్యాదు కూడ వచ్చినది. "కొత్త కుక్కరు కొన్నాం బాబూ, పప్పు మాత్రం బద్దలు బద్దలుగానే ఉంటోంది" అని ఒక గ్రామములో ఒక పెద్దమ్మ నన్ను నిలదీసినది. ఆమెకు పప్పు అమ్మిన రైతు పక్కనే తలవంచుకొని నిలుచున్నాడు. ఇక నుండి పప్పు బజారులోనే కొంటామని ఆమె అప్పటికే చెప్పివేసినదట. అదే పప్పును మంచినీళ్ళ ప్లాంటు నీటితో ఉడికింపజేయగా వెన్నవలె మెదిగినది. తప్పు పంటది కాదు, కుక్కరుదీ కాదు, బోరు నీటిది.

పప్పులోని కణములను పెక్టిన్ అను జిగురు పదార్థము అంటిపెట్టుకొని యుండును. అది కరిగిననే పప్పు మెదుగును. కఠిన జలములోని సున్నము, మెగ్నీషియము ఆ జిగురును బిగించివేయును. చింతపండు, గోంగూర పులుపు కూడ దానిని కరుగనీయదు. కావున పులుపు పప్పు ఉడికిన తరువాతనే వేయవలెను. చిటికెడు వంటసోడా వేసిన త్వరగా ఉడుకును గాని, బి-1 విటమిను నశించును. నేను దానిని సిఫారసు చేయను.

త్రాగునీటి కాఠిన్యము లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండుట మేలు. గ్రామాధికారులు తమ బోరు నీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించవచ్చును. నీరు కఠినమైనదని తేలినచో పప్పు వరకైనను వాననీరో, శుద్ధి చేసిన నీరో వాడవలెను.

ఇక వండు విధానము. గ్లాసు పప్పును కడిగి అరగంట నానబెట్టి, రెండున్నర గ్లాసుల నీరు, చెంచాడు నూనె వేయవలెను. నూనె నురుగును అణచును. గిన్నె సగమునకు మించి నింపరాదు; నురుగు పొంగి ఆవిరి రంధ్రమును మూసివేసిన ప్రమాదము. ఇది విజిల్ వేయు కుక్కరు కాదు. మన ఆడవారు మూడు విజిల్స్ కొరకు ఎదురుచూచి విసుగు చెందుట నేనెరుగుదును! 10 నిమిషములు పెట్టినచో, ఆవిరి నిండిన తరువాతనే ఆ లెక్క మొదలగును. పాత పప్పుకు 15 నిమిషములు కావలెను. పిమ్మట ఆవిరి దానంతటదే తగ్గి, పిన్ను క్రిందికి దిగువరకు మూత తీయరాదు.

కుక్కరు సుమారు 1000 వాట్లది. ఎర్తు ఉన్న సాకెట్టుకే తగిలించవలెను; సన్నని ఎక్స్‌టెన్షన్ తీగ వేడెక్కి కాలును. వోల్టేజి 230 నుండి 180కి పడినచో వేడి ఇంచుమించు ఆరు పాళ్ళకు తగ్గును. ఆవిరి నిండుటకు ఆలస్యమగును గాని పప్పు చెడదు.

పప్పు అమ్ముకొను రైతులకు ఒక మాట. తేమతో వేడి కొట్టులో ఏండ్ల తరబడి ఉంచిన కందులు ఎంత మంచి నీటిలోనైనను సరిగా ఉడకవు. గింజలోని సున్నము విడివడి లోపలనే జిగురును బిగించును. కందులను తేమ నూటికి 10 పాళ్ళకు మించకుండ ఎండబెట్టి, నేలకు తగులకుండ చెక్కలపై బస్తాలు పేర్చి, పాత పంటను ముందుగా అమ్మవలెను. పాతదానిని కొత్తదానితో కలుపరాదు. కొత్తది మెదిగి, పాతది బద్దగా మిగిలి, గిన్నెలోనే బయటపడును.